నాచు ఎక్కడ పెరగాలి? ఇంటి పగడపు అక్వేరియంపై ఒక సమీక్ష

ఇంట్లో పగడాల ట్యాంకు పెట్టినవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. నైట్రేట్ పరీక్ష సున్నా చూపిస్తోంది, ఫాస్ఫేట్ పరీక్షా సున్నాయే, అయినా రాళ్ళ నిండా పచ్చటి జుట్టులా నాచు వేలాడుతోంది, ఎందుకని? నాచు ఉంది కాబట్టే ఆ సున్నా వచ్చింది. నీళ్ళలోకి వచ్చిన పోషకాన్ని వచ్చినట్టే అది పీల్చేసుకుంటోంది. పరీక్ష గొట్టంలో మనం కొలిచేది ట్యాంకులో పడిన పోషకాన్ని కాదు, నాచు వాడుకోగా మిగిలినదాన్ని. ఈ సంగతి మనసులో పెట్టుకుని చూస్తే, అరవై ఏళ్ళుగా ఈ అభిరుచిలో పోగైన సలహాల్లో ఏది గట్టిదో, ఏది తాలో వేరుచేయడం తేలికవుతుంది.

ఆ సలహాలు ప్రధానంగా రెండు దారులు. పోషకాలు తగ్గించి నాచును ఆకలితో మాడ్చమనేది ఒకటి, దాన్ని తినే జీవులను పెంచమనేది రెండోది. ఈ మధ్య మందు వేసి చంపమనే మూడో దారి కూడా బాగా వ్యాపించింది. మూడింటికీ ఆధారాలున్నాయి, మూడింటికీ హద్దులున్నాయి. కానీ సముద్రంలో జరిగిన పరిశోధనలను, ట్యాంకుల అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే నాకు స్పష్టంగా కనిపించేది ఇది: నాచు లేని పగడపు ట్యాంకు అనేది లేదు, ఉండకూడదు కూడా. రాళ్ళకు ఊదారంగు పూత వేసే కోరలైన్ కూడా నాచే. పగడం ఒంటిలో ఉండి దానికి అన్నం పెట్టే జూజాంథెల్లే కూడా, మనం భయపడే డైనోఫ్లాజెల్లేట్ల కుటుంబానికి చెందిన ఏకకణ శైవలాలే. కాబట్టి తేల్చుకోవలసింది నాచు ఉండాలా వద్దా అని కాదు. ఏ నాచు, ఎక్కడ పెరగాలి, దాన్ని ఎవరు తినాలి అన్నది.

ఈ సలహాలు ఎక్కడి నుంచి వచ్చాయో ముందు చూద్దాం. 1961లో ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ ఒక అమెరికన్ చేపల పత్రికలో తన పద్ధతిని వివరించాడు. సముద్రం నుంచి తెచ్చిన జీవమున్న రాళ్ళు, బుడగలు, ఎండ, ఇంతే. ఆ తర్వాత జర్మనీలో పీటర్ విల్కెన్స్, డీట్రిష్ ష్ట్యూబర్ లాంటివాళ్ళు ఆ జీవమున్న రాళ్ళకు (లైవ్ రాక్) ప్రొటీన్ స్కిమ్మర్‌ను, బలమైన దీపాన్ని, సున్నపు తేటను జోడించి బెర్లిన్ పద్ధతిని తయారుచేశారు. మురికి కుళ్ళకముందే నురగతో బయటికి తోసేయడం స్కిమ్మర్ పని. పోషకాలు తక్కువగా ఉంటే నాచు దానంతటదే తగ్గుతుందన్న నమ్మకం ఈ అభిరుచిలో వేళ్ళూనుకున్నది అక్కడి నుంచే. దాదాపు అదే కాలంలో అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థలో వాల్టర్ ఏడీ పూర్తిగా ఎదురు దారి పట్టాడు. 1980లో అక్కడి మ్యూజియంలో తెరిచిన పగడపు దిబ్బ ప్రదర్శనలో ఆయన నాచునే శుద్ధియంత్రంగా వాడాడు. జాలీ మీద, గట్టి వెలుతురు కింద, అలలు కొట్టే నీటిలో నాచును పెంచి, ఎప్పటికప్పుడు గీకి పారేయడం ఆ పద్ధతి. ఈ రెండు ఆలోచనల మధ్య వాదన ఇప్పటికీ ఆగలేదు.

వాదనను తేల్చడానికి ముందు చిన్న లెక్క చేసి చూద్దాం. 200 లీటర్ల ట్యాంకు, రోజుకు ఒక గ్రాము పొడి మేత. మంచి మేతలో ప్రొటీన్ 45 శాతం దాకా ఉంటుంది. ప్రొటీన్‌లో దాదాపు 16 శాతం నైట్రోజన్. అంటే గ్రాము మేతలో 72 మిల్లీగ్రాముల నైట్రోజన్, అది మొత్తం నైట్రేట్‌గా మారితే 319 మిల్లీగ్రాములు. లీటరుకు 1.6 మిల్లీగ్రాములు. ఫాస్ఫరస్‌ను మేతలో ఒక్క శాతం అనుకున్నా, ఫాస్ఫేట్ రూపంలో సుమారు 30 మిల్లీగ్రాములవుతుంది, లీటరుకు 0.15. పగడపు దిబ్బల మీది సముద్రపు నీటిలో ఫాస్ఫేట్ సాధారణంగా దీనిలో చాలా చిన్న వంతే. కొంత చేప ఒంటికి పడుతుంది, కొంత స్కిమ్మర్ లాగేస్తుంది, నిజమే. అయినా ఒక్క రోజు మేత నీటి స్వభావాన్నే మార్చగలదు.

ఇప్పుడు ఖర్చు వైపు చూడండి. వారానికి పది శాతం నీళ్ళు మారుస్తున్నారు, నీటిలో ఫాస్ఫేట్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము ఉంది. 20 లీటర్ల నీటితో బయటికి పోయేది 2 మిల్లీగ్రాములు. అదే వారంలో మేత ద్వారా లోపలికి వచ్చింది 200 పైనే. నీళ్ళు మారిస్తే నాచు పోతుందన్న సలహాకు ఈ లెక్క ముందు బలం లేదు. నీళ్ళ మార్పుకు వేరే ప్రయోజనాలున్నాయి; సూక్ష్మ లవణాలు తిరిగి సమకూరుతాయి, సైఫన్ పెట్టి తీసేటప్పుడు మడ్డి బయటికి వస్తుంది. ఆ మడ్డిని తీయడమే అసలు లాభం. కరిగిన ఫాస్ఫేట్‌ను నీళ్ళ మార్పుతో దించాలనుకుంటే ఉప్పు ఖర్చే మిగులుతుంది. పైగా ఫాస్ఫేట్ రాళ్ళలోని కాల్షియం కార్బొనేట్‌కు అంటుకుని నిల్వ ఉంటుంది. నీటిలో తగ్గించిన కొద్దీ రాయి మళ్ళీ వదులుతుంది. రెండేళ్ళు నిర్లక్ష్యంగా నడిచిన ట్యాంకు రెండు వారాల్లో బాగుపడకపోవడానికి కారణం ఇదే.

మరి సముద్రం ఏం చెబుతోంది? కరీబియన్ కథ ఈ విషయంలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. అక్కడి దిబ్బల మీద నల్లటి పొడవు ముళ్ళ అర్చిన్, డయాడెమా, లక్షల సంఖ్యలో ఉండేది. రాత్రంతా రాళ్ళు గీకి నాచు తినడమే దాని బతుకు. 1983లో పనామా దగ్గర మొదలైన ఒక రోగం దాదాపు ఏడాదిలో కరీబియన్ అంతా పాకి, చాలాచోట్ల 90 శాతానికి పైగా అర్చిన్‌లను తుడిచిపెట్టింది. జమైకాలో అప్పటికే నాచు తినే చేపలను జనం ఎక్కువగా పట్టేశారు; మిగిలిన కాపలాదారు అర్చిన్ ఒక్కటే. అది కూడా పోయింది. 1994లో టెరీ హ్యూస్ ప్రచురించిన లెక్కల ప్రకారం జమైకా దిబ్బల మీద పగడాల విస్తీర్ణం 1970ల చివర ఉన్న 50 శాతం పైచిలుకు నుంచి 5 శాతం లోపుకు పడిపోయింది, నాచు 4 శాతం నుంచి 92 శాతానికి పెరిగింది. తుఫానులు కూడా దెబ్బ తీశాయి, కానీ తుఫాను తర్వాత పగడం మళ్ళీ మొలిచే చోటు లేకుండా చేసింది మేసేవాళ్ళ లేమి. పోషకాల పాత్రను హ్యూస్ తక్కువ చేశాడని బ్రయాన్ లాపాయింట్ 1997లో గట్టిగా ఎదురు చెప్పాడు. ఆ వాదన ఏళ్ళ తరబడి నడిచింది.

అదే సమయంలో ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో, వన్ ట్రీ ద్వీపం దగ్గర, 1993 నుంచి 1996 దాకా ఒక పెద్ద ప్రయోగం జరిగింది. ఎన్‌కోర్ అని దాని పేరు. చిన్న చిన్న పగడపు దిబ్బలకు కావాలనే నైట్రోజన్, ఫాస్ఫరస్ అందించారు. నాచు కమ్మేస్తుందని అనుకున్నారు, కమ్మేయలేదు. మేసే జీవులు అక్కడ దండిగా ఉన్నాయి. అలాగని పగడాలు సుఖంగానూ లేవు, వాటి పునరుత్పత్తి దెబ్బతింది. అంటే పోషకం ఎక్కువైతే నష్టమే, కానీ ఆ నష్టం నాచు రూపంలోనే రావాలని లేదు.

హవాయిలోని కనియోహే ఖాతం ఈ రెండు వైపులనూ ఒకేచోట చూపిస్తుంది. దశాబ్దాల పాటు మురుగునీరు అందులో కలిసేది, డిక్టియోస్ఫేరియా అనే బుడగల నాచు దిబ్బలను కప్పేసింది. 1977-78లో మురుగు కాలువలను ఖాతం బయటికి మళ్ళించారు. నాచు తగ్గింది, కానీ పోలేదు. మేసే చేపలు బయటినుంచి వచ్చిన మరో నాచు రుచిమరిగి దీన్ని వదిలేస్తున్నాయని తర్వాత పరిశోధకులు గమనించారు. చివరికి 2006లో వారాల తరబడి మబ్బూ వానా పట్టి వెలుతురు లేకుండా పోతే, అప్పుడు అది కుప్పకూలింది. పోషకం, మేసే జీవులు, వెలుతురు, మూడూ ఆ ఒక్క ఖాతంలో తమ వంతు పని చేశాయి. ట్యాంకులో మనం తిప్పగలిగే మీటలు కూడా ఈ మూడే.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. నాచు కాస్త పెరిగితే ఏమవుతుంది, చూడటానికి బాగోదు అంతేకదా అని. అంతే కాదు. జెన్నిఫర్ స్మిత్ బృందం 2006లో ప్రచురించిన ప్రయోగంలో నాచును, పగడాన్ని ఒకే నీటిలో పెట్టి మధ్యలో 0.02 మైక్రాన్ల వడపోత అడ్డం ఉంచారు. ఒకదాన్నొకటి తాకే వీలు లేదు, బాక్టీరియా దాటే వీలూ లేదు. అయినా పగడం చనిపోయింది. నీటిలో యాంటీబయాటిక్ కలిపితే బతికింది. నాచు వదిలే చక్కెరల్లాంటి కర్బన పదార్థాలు వడపోత దాటి వచ్చి, పగడం ఒంటి మీది బాక్టీరియాను రెచ్చగొట్టి, ఊపిరాడకుండా చేస్తాయని వాళ్ళు తేల్చారు. నాచు పెరిగిన ట్యాంకులో దూరంగా ఉన్న పగడాలు కూడా వాడిపోవడం చూసినవాళ్ళకు ఈ ఫలితం ఆశ్చర్యం కలిగించదు.

అయితే సరే, పోషకాలను సున్నాకు తోసేద్దాం అంటారా? ఈ ధోరణి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది, దానికి ఆధారమూ ఉంది. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో యోర్గ్ వీడెన్‌మన్ బృందం అక్వేరియంలలోనే పగడాలను పెంచి పరిశోధిస్తుంది, కాబట్టి వాళ్ళ ఫలితాలు మన ట్యాంకులకు నేరుగా వర్తిస్తాయి. నైట్రేట్ ఎక్కువగా ఉండి ఫాస్ఫేట్ కరువైతే పగడాలు వేడికీ వెలుతురుకూ తట్టుకోలేక తెల్లబోతాయని వాళ్ళు 2013లో చూపించారు. 2023లో అదే బృందం నేచర్ పత్రికలో మరో సంగతి వెల్లడించింది: పగడాలు తమ ఒంటిలోని శైవలాలను కొంతమేర అరిగించుకుని, వాటి ద్వారా నీటిలో కరిగిన నైట్రోజన్, ఫాస్ఫరస్‌లను పొందుతాయి. కరిగిన పోషకం పగడానికి విషం కాదు, ఆహారం. సున్నా పెడితే ముందు మాడేది పగడమే. నాచు రాళ్ళలోంచి, మడ్డిలోంచి కూడా తెచ్చుకోగలదు, పగడానికి ఆ దారి లేదు.

సున్నా తెచ్చే రెండో చిక్కు ఇంకా పెద్దది, డైనోఫ్లాజెల్లేట్లు. అభిరుచిలో అందరూ డైనోలు అంటారు. ఇసుక మీద, రాళ్ళ మీద గోధుమరంగు జిగురు తీగలు, వాటి కొసల్లో బుడగలు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ అడుగంటిన ట్యాంకుల్లో, ముఖ్యంగా ఎండు రాళ్ళతో కొత్తగా మొదలుపెట్టినవాటిలో ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. పోటీకి వచ్చే మిగతా సూక్ష్మజీవులు ఆకలితో పోయాక మైదానం వీటికి ఖాళీ అవుతుంది. ఆస్ట్రియాప్సిస్ అనే రకం పాలీటాక్సిన్ జాతి విషాలను తయారుచేస్తుంది, దాన్ని తిన్న నత్తలు పడిపోతాయి. దీనికి విరుగుడుగా అనుభవజ్ఞులు చెప్పేది వినడానికి వింతగా ఉంటుంది: మేత పెంచండి, అవసరమైతే నైట్రేట్, ఫాస్ఫేట్ లవణాలను కొలిచి వేయండి, కొలతలు గుర్తించదగిన స్థాయిలో నిలబెట్టండి. ఆస్ట్రియాప్సిస్ రాత్రిపూట నీటిలోకి లేస్తుంది కాబట్టి యూవీ దీపం దాని మీద పనిచేస్తుంది. ఆంఫిడీనియం ఇసుకలోనే దాక్కుంటుంది, యూవీ దాన్ని అందుకోలేదు. దానికి సిలికేట్ వేసి, సిలికా వాడుకునే డయాటమ్‌లనే ఏకకణ నాచును పోటీకి పెంచేవాళ్ళున్నారు. ఒకే పేరుతో పిలిచే రెండు జీవులకు రెండు వైద్యాలు.

అందుకే శత్రువును పోల్చుకోవడం మొదటి పని, చాలామంది దాటేసే పని కూడా అదే. 400 రెట్లు పెద్దదిగా చూపే మామూలు విద్యార్థి సూక్ష్మదర్శిని చాలు. సూక్ష్మదర్శిని లేకపోతే కొంచెం జిగురును సీసాలో గట్టిగా కుదిపి, కాఫీ వడపోత కాగితంలో వడగట్టి, ఆ తేట నీటిని ఒక గంట వెలుతురులో ఉంచితే, డైనోలైతే మళ్ళీ తీగలుగా కూడుకుంటాయి. కొత్త ట్యాంకులో మొదటి వారాల్లో వచ్చే గోధుమ పొడి డయాటమ్‌లది, సిలికా అయిపోగానే పోతుంది, దాని గురించి బెంగ అక్కర్లేదు. ఎర్రటి దుప్పటిలా పరుచుకుని, పట్టుకుని లాగితే పొరలా ఊడివచ్చేది సయనో. అది నాచే కాదు, బాక్టీరియా. అందులో కొన్ని రకాలు నీటిలో కరిగిన నైట్రోజన్ వాయువునే వాడుకోగలవు, కాబట్టి నైట్రేట్ అడుగంటి ఫాస్ఫేట్ మిగిలిన చోట వాటిదే రాజ్యం. పచ్చటి జుట్టు నాచుల్లో తరచుగా కనిపించేది డెర్బీసియా జాతి. ఈకలాంటి ఆకారం ఉంటే బ్రయాప్సిస్, దాన్ని చాలా చేపలు తినవు. పచ్చటి గాజు గోళీల్లా ఉండేవి వలోనియా.

మేసే జీవుల విషయానికి వస్తే, జమైకా పాఠం ట్యాంకులోనూ అక్షరాలా నిజం. కానీ ఏ జీవి ఏది తింటుందో తెలియకుండా కొన్న క్లీనప్ క్రూ (నాచు మేసే నత్తలు, పీతల గుంపు) డబ్బు దండగే కాదు, ఆకలితో చచ్చే జీవుల పాపం కూడా. టర్బో, ట్రోకస్ నత్తలు రాళ్ళ మీది పొట్టి నాచును శుభ్రంగా గీకుతాయి. వెల్లకిలా పడితే తిరగబడగలగడం ట్రోకస్‌కున్న మంచి గుణం, అస్ట్రియాకు అది చేతకాదు. జుట్టు పొడుగ్గా పెరిగాక నత్తలు దాని జోలికి పోవు, ముందు చేత్తో పీకి పొట్టిగా చేసి ఇవ్వాలి. ట్రిప్‌న్యూస్టిస్ అర్చిన్ నాచు మేతలో మొనగాడు. కనియోహే ఖాతంలో దిగుమతి నాచును అదుపు చేయడానికి హవాయి ప్రభుత్వం దీన్నే హేచరీలో పెంచి వదులుతోంది. ఇంట్లో ఒక్కటి చాలు, కాకపోతే అంటించని పగడపు ముక్కలను నెత్తిన పెట్టుకుని తిరుగుతుంది. వలోనియాకు ఎమరాల్డ్ పీతను వాడతారు, అన్ని పీతలూ ఆ పని చేస్తాయన్న హామీ లేదు.

చేపల్లో టాంగ్‌లను మించినవి లేవు. జీబ్రసోమా జాతి ఆకునాచును తుంచి తింటుంది, టినోకీటస్ జాతి పళ్ళతో పొరను దువ్వుతుంది. రాబిట్ ఫిష్ బ్రయాప్సిస్‌ను కూడా అప్పుడప్పుడు ముట్టుకుంటుంది. కానీ టాంగ్ ఈదే చేప. 200 లీటర్ల ట్యాంకులో దాన్ని పెట్టి నాచు సమస్య తీరిందనుకోవడం ఆ ప్రాణికి అన్యాయం. చిన్న ట్యాంకుకు సలేరియస్ బ్లెన్నీ, నత్తలు, ఒక అర్చిన్, మిగతాది మన చేతులు. ఒకప్పుడు పసుపు టాంగ్‌ను ఎక్కువగా హవాయి సముద్రం నుంచే పట్టి తెచ్చేవాళ్ళు; 2015లో అక్కడి ఓషియానిక్ ఇన్‌స్టిట్యూట్ దాన్ని తొలిసారి హేచరీలో పెంచగలిగింది. దొరికినంతవరకు అలా పెంచిన చేపనే కొనాలని నా విన్నపం. నాచును మేసే చేపను దిబ్బ మీంచి ఎత్తుకొచ్చి మన గాజుపెట్టెలో నాచు తినిపిస్తే, అక్కడి దిబ్బకు జరిగేది జమైకాకు జరిగిందే.

ఇక నాచును వేరేచోట పెంచే మార్గం. ఏడీ నాచు జాలీలు 1987లో ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్‌లో తెరిచిన పెద్ద పగడపు అక్వేరియంలోనూ, అరిజోనాలోని బయోస్ఫియర్-2 కృత్రిమ సముద్రంలోనూ పనిచేశాయి. నీరు పసుపు తిరుగుతుందన్న ఫిర్యాదు వాటి మీద ఉంది, బొగ్గు ఫిల్టరుతో అది తీరుతుంది. ఇంట్లో ఎక్కువమంది చేసేది ట్యాంకు కింది నీటిపెట్టెలో (సంప్) ఒక గదిని నాచు కోసం రెఫ్యూజియంగా వదిలి, కీటోమార్ఫా (కీటో) అనే దారాల నాచు ఉండను పెంచడం. దీన్ని కూడా లెక్కవేద్దాం. 1983లో ఆట్కిన్సన్, స్మిత్ కలిసి సముద్రపు అడుగు మొక్కల్లో కర్బనం, నైట్రోజన్, ఫాస్ఫరస్ నిష్పత్తి సుమారు 550:30:1 అని చూపించారు. దాన్నిబట్టి పిండిన 100 గ్రాముల తడి నాచులో పది గ్రాములు పొడి పదార్థం అనుకుంటే, అది మోసుకుపోయే ఫాస్ఫేట్ 40 మిల్లీగ్రాముల చుట్టుపక్కల, నైట్రేట్ 800కు పైగా. మన గ్రాము మేత లెక్కతో పోలిస్తే ఫాస్ఫేట్‌లో దాదాపు రోజున్నర రాబడికి, నైట్రేట్‌లో రెండున్నర రోజుల రాబడికి సమానం. 2 మిల్లీగ్రాములు తీసే నీళ్ళ మార్పుతో పోల్చండి, నాచు కోత ఎంత బలమైనదో తెలుస్తుంది.

ఆ లెక్కలోనే ఒక హెచ్చరికా దాగుంది. మేతలో నైట్రోజన్ పరమాణువులు ఫాస్ఫరస్‌కు దాదాపు 16 రెట్లు ఉంటే, నాచు 30 రెట్లు అడుగుతోంది. కాబట్టి రెఫ్యూజియం జోరుగా నడిచే ట్యాంకులో ముందు నైట్రేట్ అయిపోతుంది, ఫాస్ఫేట్ మిగిలిపోతుంది, కీటో పెరుగుదల ఆగిపోతుంది, ఎర్ర సయనో దిగుతుంది. అప్పుడు కాస్త నైట్రేట్ వేస్తే కీటో మళ్ళీ పెరిగి ఫాస్ఫేట్‌ను కూడా తీసుకుపోతుంది. నాచు తగ్గడానికి ఎరువు వేయడమా అని భయపడేవాళ్ళకు చూపించవలసిన లెక్క ఇది.

రసాయనాలను నేను ఆఖరి వరసలో నిలబెడతాను. ఐరన్ ఆక్సైడ్ గుళికలు, జీఎఫ్‌వో అంటారు, ఫాస్ఫేట్‌ను నిజంగానే పట్టుకుంటాయి. ఒక్కసారి ఎక్కువ పోస్తే ఒక్కరోజులో ఫాస్ఫేట్ పడిపోయి పగడాల కొనలు మాడతాయి, కాబట్టి చెప్పిన మోతాదులో సగంతో మొదలుపెట్టాలి. లాంథనం క్లోరైడ్ చవక, బలమైనది. ఏర్పడిన తెల్లటి మడ్డిని సన్నటి వడపోత సంచిలో పట్టకపోతే చేపల మొప్పలకు చేటు. వోడ్కా, వెనిగర్ లాంటి కర్బనం చుక్కలు వేసి బాక్టీరియాను పెంచి, స్కిమ్మర్‌తో తీసేసే పద్ధతి పనిచేస్తుంది, అదుపు తప్పితే నీటిలో ప్రాణవాయువు పడిపోతుంది, సున్నాకు తోసి డైనోలను పిలుస్తుంది. బ్రయాప్సిస్ మీద ఫ్లూకోనజోల్ పనిచేయడం అభిరుచివాళ్ళు స్థిరపరచిన మంచి విషయం. మనుషుల ఫంగస్ వ్యాధులకు వాడే ఈ మందును లీటరుకు సుమారు 5 మిల్లీగ్రాముల చొప్పున వాడతారు, ఫలితం ఒకటి నుంచి మూడు వారాల్లో కనిపిస్తుంది. చచ్చిన నాచు కుళ్ళి పోషకాలన్నీ మళ్ళీ నీటిలోకే వస్తాయి, కాబట్టి ముందు చేత్తో వీలైనంత పీకాకే మందు వేయాలి.

సయనోకు ఎరిత్రోమైసిన్ వేయడం మాత్రం నాకు సమ్మతం కాదు. మందుల దుకాణంలో తేలిగ్గా దొరుకుతుంది, మూడు రోజుల్లో ఎరుపు మాయమవుతుంది, నిజమే. కానీ ట్యాంకులోని మంచి బాక్టీరియాను కూడా అది కొడుతుంది, సయనో వచ్చిన కారణం అలాగే ఉంటుంది, పారబోసిన నీటితో యాంటీబయాటిక్ మన కాలువల్లోకి చేరుతుంది. మందులకు లొంగని రోగక్రిములతో ఇప్పటికే సతమతమవుతున్న దేశంలో ఒక అందం కోసం ఆ పని చేయకూడదు. నీటి ప్రవాహం పెంచి, సైఫన్‌తో పొరను లాగేసి, నైట్రేట్-ఫాస్ఫేట్ పొందిక సరిచేస్తే సయనో తగ్గుతుంది, ఆలస్యంగానైనా.

తెలుగునాట ట్యాంకు పెట్టేవాళ్ళకు నీటి సంగతి విడిగా చెప్పాలి. గ్రానైట్ నేలల బోరు నీటిలో సిలికా సహజంగానే ఉంటుంది, తెలంగాణలో చాలా ప్రాంతాల భూగర్భ జలంలో నైట్రేట్ కూడా ఎక్కువ. వంటింటి ఆర్వో యంత్రం వీటిని పూర్తిగా ఆపదు, పైగా రుచి కోసం కొన్ని యంత్రాలు శుద్ధి చేయని నీటిని మళ్ళీ కలుపుతాయి. ఆర్వో తర్వాత, మిగిలిన అయాన్లను పట్టేసే డీఐ రెసిన్ గొట్టం పెట్టి, టీడీఎస్ మీటరు సున్నా చూపించే నీటితోనే ఉప్పు కలపాలి. ఆవిరైన నీటికి బదులు రోజూ పోసేది కూడా అదే నీరు కావాలి. హైదరాబాద్ వేసవిలో ఆవిరి ఎక్కువ, టాప్-అప్ ఎక్కువ, దాంతో వచ్చి చేరే సిలికా, నైట్రేట్ కూడా ఎక్కువ.

ఇంకో మాట, చట్టం గురించి. మన దేశంలో గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, పులికున్న రక్షణే వాటికీ ఉంది. మన్నార్ సింధుశాఖ నుంచో, అండమాన్ నుంచో తెచ్చిన సజీవ పగడాన్ని, రాయిని కొనడం నేరం. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్ళు పెంచే ట్యాంకులను చూసి ఇక్కడ అలాగే పెట్టాలని ఉబలాటపడేవాళ్ళు ఇది ముందు తెలుసుకోవాలి. మన్నార్ పగడాలకు ఇప్పటికే ఉన్న కష్టం చాలు. సాగు కోసం మండపం తీరానికి తెచ్చిన కప్పాఫైకస్ అనే ఎర్ర నాచు కురుసడై ద్వీపం దగ్గర సజీవ పగడాలను కప్పేస్తోందని 2008లో పరిశోధకులు కరెంట్ సైన్స్ పత్రికలో నమోదు చేశారు.

నాచు ముంచెత్తిన ట్యాంకు నా ముందుకొస్తే నేను చెప్పే వరస ఇది. మొదట సూక్ష్మదర్శిని. తర్వాత చేతులు: రాయిని ట్యాంకు నీళ్ళున్న బకెట్‌లోకి తీసి, పళ్ళ బ్రష్‌తో రుద్ది, ఆ నీటిని పారబోయడం, వారం వారం. దీన్ని మించిన మందు లేదు, ఎందుకంటే పీకిన ప్రతి గుప్పెడూ పోషకాన్ని శాశ్వతంగా బయటికి తెస్తుంది. ఆ వెంటే మేసే జీవులు, పొట్టి నాచు మళ్ళీ పొడుగవకముందే. ఇసుకలోని మడ్డిని సైఫన్ చేయాలి. మేతను సగానికి సగం కోసేయకుండా, మిగలకుండా వేయాలి. దీపం గంటలను ఎనిమిదికి తగ్గించడం కనియోహే మబ్బుల్లా కొంత సాయపడుతుంది. ఇవన్నీ ఆరు నుంచి పన్నెండు వారాలు నడిచాక కూడా కొలతలు దిగకపోతే అప్పుడు జీఎఫ్‌వో. ఫాస్ఫేట్‌ను లీటరుకు 0.03 నుంచి 0.1 మిల్లీగ్రాముల మధ్య, నైట్రేట్‌ను 2 నుంచి 10 మధ్య నిలిపితే పగడానికీ తిండి ఉంటుంది, డైనోలకూ చోటుండదు.

రాళ్ళు రుద్దేటప్పుడు ఒక జాగ్రత్త ప్రాణం మీది విషయం. పాలిథోవా, జోయాంథస్ జాతి మెత్తటి పగడాల్లో కొన్నిటిలో పాలీటాక్సిన్ ఉంటుంది. 2012 నుంచి 2014 మధ్య అలాస్కాలో అక్వేరియం దుకాణాల్లో, ఇళ్ళల్లో వీటిని కదిపినప్పుడు గాలిలో కలిసిన విషం పీల్చి మనుషులు జబ్బుపడిన ఉదంతాలను అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2015లో నివేదించింది. ఇవి పెరిగిన రాయిని ఎప్పుడూ ఉడికించకూడదు, వేడినీళ్ళు పోయకూడదు, గదిలో పొడి బ్రష్‌తో గీకకూడదు. నీళ్ళ అడుగునే, చేతికి గ్లవ్స్, కళ్ళకు అద్దాలు పెట్టుకుని చేయాలి, పిల్లలను దూరంగా ఉంచాలి.

పీకిన నాచు ఎక్కడ పడేస్తామన్నది కూడా మన బాధ్యతే. 1984లో మొనాకో సముద్ర మ్యూజియం కింది తీరంలో చిన్న మడిగా కనిపించిన కౌలెర్పా టాక్సిఫోలియా, అక్వేరియం నుంచి జారిన నాచు, మధ్యధరా సముద్రంలో వేల ఎకరాలకు పాకింది. 2000లో కాలిఫోర్నియాలోని ఒక లగూన్‌లో అదే దిగితే, నిర్మూలించామని ప్రకటించడానికి 2006 దాకా పట్టింది, లక్షల డాలర్లు ఖర్చయ్యాయి. విశాఖ తీరపు రాళ్ళ మీద పెరిగే అల్వా, గ్రాసిలేరియా, కీటోమార్ఫా ఆంటెన్నినాలకు అక్కడి అలలూ, నత్తలూ, చేపలూ అలవాటు. మన ట్యాంకులో ఎక్కడి నుంచో వచ్చిన నాచుకు అక్కడ ఏ కాపలా ఉంటుందో చెప్పలేం. అందువల్ల పీకినదాన్ని సముద్రంలోకి గానీ, కాలువలోకి గానీ వదలకుండా, డాబా మీద రెండు ఎండలకు గలగలలాడేదాకా ఎండబెట్టి చెత్తబుట్టలో వేయాలి. రాయి రుద్దిన నీళ్ళను బ్లీచింగ్ పౌడర్ కలిపి ఒక రాత్రి ఉంచాకే పారబోయాలి.